కళ్ళు తిరగడం వెనుక కథ: డాక్టర్ రాబర్ట్ బరానీ జీవితం

పిల్లలు గిరగిర తిరిగి ఆగినా, పెద్దలు మంచం మీద నుంచి చటుక్కున లేచినా, ఓడలో ప్రయాణం చేసినా మన ఇళ్ళలో కళ్ళు తిరిగాయనే అంటాము. తెలుగు సగం మరచిపోయిన కుటుంబాలలో కూడా ఈ మాట ఇంకా పోలేదు. తల తిరగడం అనే మాట చాలా భాషలలో ఉన్నది. మన పెద్దలు మాత్రం కళ్ళు కూడా తిరుగుతాయని గమనించి మాటలో పెట్టారు. అది ఊరికే పుట్టిన పోలిక కాదు. ఆ సమయంలో కనుగుడ్లు నిజంగానే కదులుతాయి. ఆ కదలికకు కారణం కంటిలో కాక చెవి లోపల ఉండవచ్చునని రోగి మంచం దగ్గరే పరీక్షించి చూపే మార్గం కనిపెట్టిన వైద్యుడు డాక్టర్ రాబర్ట్ బరానీ. చెవి వైద్యంలో నోబెల్ బహుమతి పొందిన ఆ మహనీయుని జీవితాన్ని ఈ ఉత్సవ సంచిక ద్వారా మన పిల్లలకూ పెద్దలకూ పరిచయం చేయాలని మా కోరిక.

బరానీ 1876వ సంవత్సరం ఏప్రిల్ 22వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరంలో జన్మించారు. వారిది యూదు కుటుంబం. తండ్రి పూర్వులు హంగేరీ వారు, తల్లి ప్రాగ్ నగరానికి చెందిన పండితుని కుమార్తె. ఆరుగురు సంతానంలో రాబర్టే పెద్దవాడు. చిన్ననాడే ఆయనకు ఎముకల క్షయ సోకింది. ప్రాణం దక్కింది గాని ఒక మోకాలు బిగుసుకుపోయి జీవితమంతా అలాగే ఉండిపోయింది. అయినా ఆ కాలుతోనే ఆయన టెన్నిస్ ఆడారు, కొండలెక్కారు. ఆ జబ్బే ఆయన మనసును వైద్యం వైపు త్రిప్పిందని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి.

1900లో వియన్నా విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టం పొంది, జర్మనీలో పేరున్న వైద్యుల దగ్గర కొంతకాలం పనిచేసి, తిరిగి వచ్చి శస్త్రచికిత్స నేర్చుకున్నారు. 1903లో వియన్నాలోని చెవి వైద్యశాలలో చేరారు. ఆ శాఖకు పెద్ద ఆడం పోలిట్జర్. చెవి వైద్యానికి అప్పుడు ప్రపంచంలో అంతటి గురువు లేరని ప్రతీతి. నానా దేశాల వైద్యులు వచ్చి అక్కడ పాఠాలు వినేవారు.

ఆ రోజులలో చెవి జబ్బు అంటే ఏమిటో నేటి పిల్లలకు కొంచెం చెప్పాలి. పెన్సిలిన్ వంటి మందులు ఇంకా పుట్టలేదు. పిల్లవాడికి చెవి కారుతున్నదంటే తల్లిదండ్రులు భయపడవలసిందే. చెవిలోని చీము వెనుక ఎముకలోకి, అక్కడి నుంచి లోపలి చెవిలోకి, పుర్రె అడుగు భాగం గుండా మెదడు పొరలలోకి పాకితే ప్రాణమే పోయేది. శస్త్రచికిత్స చేసి చీము తీయాలి. కాని లోపలి చెవి ఇంకా బ్రతికి ఉన్నదా, పాడైపోయిందా? చీము చిన్న మెదడు దాకా చేరిందా? ఎముక తొలిచి చూడకుండా ఇది తెలుసుకొనే ఉపాయం సరిగా లేదు. అనవసరంగా తొలిస్తే ఉన్న వినికిడి పోతుంది, తొలవకపోతే రోగి పోతాడు. చెవి వైద్యుల ముందు నిత్యం ఉన్న సంకటం ఇది.

లోపలి చెవిలో వినికిడికి సంబంధించిన శంఖం వంటి భాగం ఒకటి ఉన్నది. దాని ప్రక్కనే మూడు సన్నని అర్ధవర్తుల కుల్యలు ఉన్నాయి. ఒకదానికొకటి అడ్డంగా, మూడు దిక్కులలో అమరిన ఈ కుల్యలలో ద్రవం నిండి ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కదిలి, మనం ఎటు తిరిగామో మెదడుకు తెలుపుతుంది. బరానీకి ముందే ఈ విషయం మీద పనిచేసినవారు ఉన్నారు. ఫ్రాన్స్‌లో ఫ్లోరెన్స్ అనే శాస్త్రవేత్త పావురాల కుల్యలు కోసి వాటి తల ఊగిసలాటను గమనించాడు. 1861లో మెనియేర్ అనే వైద్యుడు కళ్ళు తిరిగే జబ్బు చెవి నుంచి రావచ్చునని చెప్పాడు. వియన్నాలోనే బ్రోయర్ అనే వైద్యుడు కుల్యలలోని ద్రవం సంగతి వివరించాడు. అయితే ఇవన్నీ రోగికి ఉపయోగపడే పరీక్షగా మారలేదు.

బరానీ ప్రతిరోజూ రోగుల చెవులలోకి పిచికారీతో నీళ్ళు కొట్టి శుభ్రం చేసేవారు. కొందరు రోగులు కళ్ళు తిరుగుతున్నాయని మొరపెట్టుకునేవారు. చాలామంది వైద్యులు ఆ మొర విని ఊరుకునేవారు. బరానీ అలా ఊరుకోక వారి కళ్ళలోకి చూశారు. కనుగుడ్లు ఒక ప్రక్కకు మెల్లగా జరిగి, మరొక ప్రక్కకు చటుక్కున ఎగురుతూ, మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తున్నాయి. ఒకసారి ఒక రోగి నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయని, అందుకే కళ్ళు తిరిగాయని చెప్పాడు. తరువాత వేడి నీళ్ళు కొట్టగా మరీ వేడిగా ఉన్నాయన్నాడు. మళ్ళీ కళ్ళు తిరిగాయి, కాని ఈసారి కనుగుడ్లు ఎదురు దిక్కుకు ఎగిరాయి. ఒంటి వేడితో సమానమైన నీళ్ళు కొడితే ఏమీ జరగలేదు.

కారణం ఆలోచిస్తుండగా బరానీకి స్నానాల గదిలోని నీళ్ళ కాగు గుర్తుకు వచ్చింది. నిప్పు అడుగున ఉన్నా వేడి నీళ్ళు పైకి చేరతాయి, చన్నీళ్ళు క్రిందికి దిగుతాయి. మన ఇళ్ళలో కాగు క్రింద కట్టెలు పెట్టి నీళ్ళు కాచినవారందరికీ ఇది తెలిసిన సంగతే. చెవిలోని ద్రవం కూడా వేడి తగిలితే పైకి, చల్లదనం తగిలితే క్రిందికి ప్రవహిస్తుంది కాబోలు, తల తిరగకుండానే తిరిగినట్లు మెదడుకు కబురు పోతున్నది కాబోలు అని ఆయన తర్కించారు. రోగి తలను తలక్రిందులుగా పెట్టి చూస్తే కనుగుడ్ల కదలిక కూడా తారుమారయింది. ఆలోచన నిలబడింది. 1906లో ఈ పరిశోధనను, మరుసటి సంవత్సరం కుల్యలను గురించిన గ్రంథాన్ని ప్రచురించారు.

ఇప్పుడు వైద్యుని చేతిలో ఒక పరీక్ష వచ్చింది. చెవిలో చన్నీళ్ళు పోసినప్పుడు కనుగుడ్లు కదిలితే లోపలి చెవి బ్రతికి ఉన్నట్లు, కదలకపోతే అది చెడిపోయినట్లు. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, ఒక పిచికారీ, కొంచెం నీరు, చూసే కన్ను ఉంటే చాలు. తిరిగే కుర్చీలో రోగిని కూర్చోబెట్టి చేసే పరీక్షను, కళ్ళు మూసుకొని వేలితో గురి చూపించే పరీక్షను కూడా ఆయన తీర్చిదిద్దారు. వీటి వలన జబ్బు చెవిలో ఉన్నదో చిన్న మెదడులో ఉన్నదో విడదీసి చెప్పడం సులువయింది.

అంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మోకాలు పనికిరాని మనిషిని సైన్యం రమ్మనదు. బరానీ తానుగా ముందుకు వచ్చి, నేడు పోలండులో ఉన్న ప్షెమిష్ల్ కోటలో శస్త్రవైద్యుడుగా చేరారు. తలకు తుపాకి గుండు తగిలిన సైనికుల గాయాలను తెరచి ఉంచడమే అప్పటి అలవాటు. బరానీ గాయాన్ని వెంటనే శుభ్రపరచి, చెడిన భాగం తొలగించి కుట్టివేసే పద్ధతిని పాటించి, దాని ఫలితాలను ప్రకటించారు. 1915 మార్చి 22న ఆ కోట రష్యావారి చేతికి చిక్కింది. లక్షకు పైగా సైనికులు ఖైదీలయ్యారు. బరానీ కూడా వారిలో ఒకరై మధ్య ఆసియాలోని మెర్వ్ అనే ఊరికి పంపబడ్డారు. అది నేటి తుర్కమెనిస్తాన్‌లో ఉన్నది.

అక్కడ ఆయనకు మలేరియా పట్టుకుంది. జ్వరంలోనే ఆయన తోటి ఖైదీలకూ, తమను బంధించిన రష్యా దేశస్థులకూ చెవి వైద్యం చేశారు. రోగి ఏ పక్షమని ఆయన చూడలేదు. ఆ స్థితిలో, 1915లో, ఆ ఖైదు శిబిరానికి ఒక వార్త చేరింది. 1914వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు ఇవ్వబడింది! స్వీడన్ రాజకుమారుడు కార్ల్ రెడ్‌క్రాస్ తరఫున రష్యా ప్రభుత్వంతో మాట్లాడగా 1916లో బరానీ విడుదలయ్యారు. ఆ సంవత్సరమే స్టాక్‌హోమ్ వెళ్ళి బహుమతి స్వీకరించి ఉపన్యసించారు.

ఇంటికి తిరిగి వస్తే పుట్టిన నగరం ఆయనను పూలదండలతో ఎదుర్కోలేదు. తనకు ముందు పనిచేసినవారి పేర్లు సరిగా చెప్పలేదనీ, ఇతరుల ఆలోచనలను తనవిగా చూపాడనీ వియన్నాలోని కొందరు తోటి వైద్యులు నిందించారు. ఆశించిన ఆచార్య పదవి రాలేదు. స్వీడన్‌లోని వైద్యులు ఆ ఆరోపణలను విచారించి నిజం కాదని తేల్చారు. ఈ తగవు మీద మా అభిప్రాయం ఒకటి చెబుతాము. ఏ విద్య అయినా గురుపరంపరగానే వస్తుంది. బరానీకి ముందు ఫ్లోరెన్స్, మెనియేర్, బ్రోయర్ ఉన్నారన్నది నిజం. వారి ఋణం పెద్దదే. కాని పిచికారీ పట్టిన వైద్యులు వందలమంది ఉండగా, రోగి మొర విని కంటిలోకి చూసి, వేడికీ చల్లదనానికీ ఉన్న తేడాను పట్టుకొని, దాని నుంచి పరీక్షను తయారు చేసిన ఘనత బరానీదే. దానిని తగ్గించడం న్యాయం కాదు.

1917లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం ఆయనను పిలిచింది. నలభై దాటిన వయసులో, భార్యాబిడ్డలతో, కొత్త దేశంలో, కొత్త భాషలో బ్రతుకు మళ్ళీ మొదలు పెట్టారు. 1926లో అక్కడ ఆచార్యులయ్యారు. తలను ఒకానొక విధంగా వాల్చినప్పుడు మాత్రమే కళ్ళు తిరిగే జబ్బును ఆయన 1921లో వర్ణించారు. లోపలి చెవిలోని సున్నపు రేణువులున్న భాగమే దానికి మూలమని ఊహించారు. 1936 ఏప్రిల్ 8న, అరవయ్యవ పుట్టినరోజుకు రెండు వారాల ముందు, ఉప్సాలాలోనే కన్నుమూశారు. మరి రెండేళ్ళకు, 1938లో, ఆస్ట్రియా హిట్లర్ వశమయి వియన్నా విశ్వవిద్యాలయం నుంచి యూదు ఆచార్యులను వెళ్ళగొట్టారు. బరానీ సంతానం అప్పటికే స్వీడన్ బిడ్డలై ఉన్నారు. ఆయన ఇద్దరు కుమారులూ వైద్యశాస్త్రంలోనే పేరు తెచ్చుకున్నారు. నాడు తండ్రికి జరిగిన అవమానమే చివరికి బిడ్డలను కాపాడిందని అనుకోక తప్పదు.

ఆయన పని అక్కడితో ఆగలేదు. 1942లో ఇంగ్లండు వైద్యులు ఆ నీళ్ళ పరీక్షకు కొలతలు ఏర్పరచారు. ఒంటి వేడి 37 డిగ్రీలు గనుక దానికి ఏడు డిగ్రీలు తక్కువగా 30, ఏడు ఎక్కువగా 44 డిగ్రీల నీరు వాడాలన్నారు. 1960లో ఆయన పేరిట చెవి, సమతూక వైద్యుల అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 1983లో అంతరిక్షంలో, వేడి పైకి చల్లదనం క్రిందికి అన్న ధర్మమే లేనిచోట, వ్యోమగాముల మీద ఈ పరీక్ష చేయగా అక్కడ కూడా కనుగుడ్లు కదిలాయి. అంటే కాగు నీళ్ళ వివరణ పూర్తి వివరణ కాదన్నమాట. వివరణకు చేర్పు అవసరమైనా పరీక్ష మాత్రం నిలిచింది. స్పృహ లేని రోగి మెదడు కాండం పనిచేస్తున్నదా లేదా అని తేల్చడానికి నేటికీ చెవిలో చన్నీళ్ళు పోసి కళ్ళు చూస్తారు.

మన సంచికలో ఈ కథ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. ఆ తరువాత ఎన్నో ఓడలు వచ్చాయి. మా తాతల తరం వాళ్ళు ఆ ఓడలలోనే వచ్చినవారు. నల్ల నీళ్ళ మీద కళ్ళు తిరిగి, వాంతులై, అన్నం సహించక పడ్డ బాధను వారు ఇంట్లో చెప్పేవారు. ఓడ ఊగుతున్నదని చెవి చెబితే, గది గోడలు కదలడం లేదని కన్ను చెబుతుంది. ఆ రెంటికీ పొత్తు కుదరకనే ఆ బాధ అని నేడు మనకు తెలుసు. పుట్టిన ఊరు వదలి, పరదేశంలో భాష నేర్చి, అక్కడే పిల్లలను పెంచిన మనిషి కథ మన కుటుంబాలకు పరాయిది కాదు.

అంతకంటె ముఖ్యమైన మాట ఇంకొకటి ఉన్నది. మన ఇళ్ళలో ముసలి అమ్మమ్మ కళ్ళు తిరుగుతున్నాయంటే వయసు కదా అని ఊరుకుంటాము. ఆవిడ పడి తుంటి ఎముక విరిగిన తరువాత గాని ఆసుపత్రికి తీసుకువెళ్ళము. కళ్ళు తిరగడానికి ఆకలి, రక్తపోటు, గుండె జబ్బు, మందులు, ఇలా అనేక కారణాలు ఉంటాయి. వాటిలో చెవి ఒకటి. ప్రక్కకు తిరిగి పడుకున్నప్పుడే కళ్ళు తిరిగే జబ్బు, బరానీ 1921లో చెప్పినదే, పెద్దవారిలో చాలా సాధారణం. వైద్యుడు తలను ఒక క్రమంలో త్రిప్పి, చోటు తప్పిన రేణువులను తిరిగి పంపితే చాలామందికి కొద్ది నిమిషాలలో నయమవుతుంది. మాత్రలు కూడా అక్కరలేకపోవచ్చు. అలాగే తరగతిలో పిలిచినా పలకని పిల్లవాడిని మొండివాడని తిట్టే ముందు వాడి చెవి చూపించాలి. బడిలో ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన అనుభవంతో ఈ మాట అంటున్నాము. సాయంకాలం తెలుగు తరగతిలోనూ ఇదే మాట చెబుతుంటాము. వినికిడి లేని చోట భాష నిలవదు.

రోగి చెప్పినదానిని కొట్టివేయక, కూర్చొని విని, కళ్ళలోకి చూసినందువలన ఒక వైద్యుడు లోకానికి ఇంత మేలు చేశాడు. ఈ ఉత్సవం ముగిసి ఇళ్ళకు వెళ్ళాక మన పెద్దలు చెప్పే మాటలను మనము కూడా కొంచెం ఓపికగా విందాము.