బరువుల లెక్క తెలిసిన లలిత

పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, చేతిలో నాలుగు నెలల పసిగుడ్డు. 1937లో మద్రాసులో ఓ తెలుగింటి పిల్ల పరిస్థితి ఇది. పేరు అయ్యలసోమయాజుల లలిత. మన దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరుగా ఇప్పుడు పాఠాల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆవిడ పేరు కనిపిస్తోంది. కానీ ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తే చాలా పోతుందనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

లలిత పుట్టింది 1919 ఆగస్టు 27న. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఏడుగురు పిల్లల్లో లలిత ఐదోది. మగపిల్లలకు ఇంజనీరింగు, ఆడపిల్లలకు కాస్త చదువు చెప్పించి పెళ్లి... ఆ ఇంట్లోనూ వరస అదే. అల్లుడు పోయాక మాత్రం తండ్రి ఆ వరస మార్చాడు. కూతుర్ని ఓ మూల కూర్చోబెట్టకుండా మళ్లీ చదివించాడు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయింది. తర్వాత డాక్టరీ చదవొచ్చు. కానీ డాక్టరైతే అర్ధరాత్రీ అపరాత్రీ లేకుండా పరుగెత్తాలి, పసిపిల్లను ఎవరు చూస్తారు? వేళకు వెళ్లి వేళకు ఇంటికొచ్చే ఉద్యోగం కావాలనుకుని ఇంజనీరింగు వైపు చూసిందట. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది కదూ! సైటు ఉద్యోగం చేసేవాళ్ల ఇళ్లలో అడగండి, వేళల సంగతి చెబుతారు.

గిండీలో అప్పటిదాకా ఆడపిల్ల అడుగు పెట్టలేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ చాకో గారిని ఒప్పించారు, పైనుంచి అనుమతి తెచ్చారు. అంత పెద్ద కాలేజీలో ఒక్కతే ఆడపిల్ల! తోడు లేక బెంగ పెట్టుకుంటుందని, ఆడపిల్లలు కూడా చేరవచ్చని కాలేజీ వాళ్లే ప్రకటన ఇచ్చారు. అలా లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అనే ఇద్దరు మలయాళీ అమ్మాయిలు సివిల్లో చేరారు. ముగ్గురూ 1943లో పట్టా పుచ్చుకున్నారు. పట్టాల మీద 'అతను' అని ముందే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి 'ఆమె' అని చేత్తో దిద్ది ఇవ్వాల్సి వచ్చింది.

చదువైపోయాక చేతిపని నేర్చుకోవాలి. అందుకు లలిత వెళ్లింది బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు. నాకు ఆవిడ జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన ఏడాది ఇదే. 1862లో పెట్టిన కార్ఖానా అది. బొగ్గు ఇంజన్ల కాలం. మరమ్మతుకొచ్చిన ఇంజన్ను పైన పట్టాల మీద నడిచే క్రేన్లతో చక్రాల మీంచి లేపి పక్కన పెట్టాలి. జమాల్‌పూర్ తర్వాతి రోజుల్లో రైలు క్రేన్లకు, బరువులెత్తే జాకీలకు దేశమంతటా పేరు తెచ్చుకుంది. రైలు పట్టాలు తప్పితే బోగీలను లేపే 140 టన్నుల క్రేన్లు అక్కడ తయారయ్యాయి. చీర కట్టుకుని, ఇంట్లో పసిపిల్లను వదిలి వచ్చిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయి అలాంటి చోట ఏడాది అప్రెంటిస్ చేసింది.

మా కాగజ్‌నగర్ వాళ్లకు ఆ చప్పుళ్లు కొత్త కాదు. మా పేపరు మిల్లులో 1942లో, అంటే లలిత ఇంకా గిండీలో చదువుతుండగానే, కాగితం తయారీ మొదలైంది. కాగితం మిషన్‌లో ఒక్కో రోలు టన్నుల బరువుంటుంది. దాన్ని మార్చాలంటే పైనున్న క్రేను, కింద సైగ చేసే ఖలాసీ, ఇద్దరికీ ఒక్క ప్రాణం అన్నట్టుండాలి. 2014లో మిల్లు మూతబడి 2018లో మళ్లీ తెరుచుకునేదాకా ఆ చప్పుడు లేక ఊరంతా బోసిపోయింది.

బరువెత్తడంలో పెద్ద విద్య ఏముంది, క్రేను డ్రైవరు చూసుకుంటాడులే అనుకుంటాం. నీళ్ల బిందెను నడుముకు ఆనించుకుంటే ఇంటిదాకా మోస్తాం. అదే బిందెను చేతులు చాపి ముందుకు పట్టుకోమంటే రెండు నిమిషాలు ఉండగలమా? క్రేనూ అంతే. దగ్గర్లో ఎత్తగలిగిన బరువు, చెయ్యి దూరం చాస్తే ఎత్తలేదు. ఎంత దూరానికి ఎంత బరువన్నది క్యాబిన్‌లో ఉండే లోడ్ చార్టులో రాసి ఉంటుంది. కాళ్ల కింద నేల మెత్తనైతే ఆ చార్టు కూడా కాపాడదు. ఇక స్లింగులు. రెండు స్లింగులు నిటారుగా ఉంటే ఒక్కోదాని మీద పడేది సగం బరువే. అవి పక్కలకు పరుచుకుని నేలకు 30 డిగ్రీల వాలులోకి వచ్చాయంటే ఒక్కోదాని మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. దండేన్ని మరీ బిగించి కట్టి తడిబట్టలు ఆరేస్తే పుటుక్కున తెగడం మనం చూడలేదూ? అదే సూత్రం. ఇంత చిన్న సంగతులు తెలియక భవనాలు కట్టేచోట్ల మనుషులు పోతున్నారు. పోయేది ఎక్కువగా కింద నిలబడ్డ కూలీలే.

మా వీధిలో సివిల్ డిప్లొమా చేసిన అమ్మాయి ఒకతి పట్నంలో ఓ కట్టడం దగ్గర పనికి కుదిరింది. క్రేను వచ్చిన రోజున నువ్వు లోపల కూర్చుని కాగితాలు చూసుకో అనేవారట. కోపంతోనో పట్టుదలతోనో గానీ, ఓ ముసలి ఖలాసీ దగ్గర చేరి చార్టు చూడటం, స్లింగు కట్టడం నేర్చుకుంది. ఓసారి బీము లేపబోతుంటే దూరం ఎక్కువైందని ఆపించింది. క్రేను దగ్గరికి జరిపాకే బీము లేచింది. అది విని వాళ్లమ్మ సంతోషించకపోగా, ఆ మోటు పనులు మనకెందుకు, వచ్చెయ్యమంటోంది. ఆ తల్లి భయాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ పిల్ల అక్కడ ఉండబట్టే కదా, ఆ రోజు బీము కింద ఎవరూ పడలేదు!

లలిత విషయానికొస్తే... 1944లో సిమ్లాలో కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో చేరి రెండేళ్లకు పైగా చేసింది. కొన్నాళ్లు తండ్రి పరిశోధనల్లో సాయపడింది. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది. అక్కడ సోదరుడి కుటుంబం ఉంది. పాపకు ఇంటి మనుషుల మధ్య పెరిగే వీలు. విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు గీయడం ఆవిడ పని. భాక్రా నంగల్ వంటి పెద్ద ప్రాజెక్టుకు పనిచేసింది. ఊరూరా సైట్లకు తిరగకుండా ఆఫీసులో డిజైను పనికే ఎక్కువగా పరిమితమైంది. కారణం శ్యామలే.

దీన్ని రాజీ అనేవాళ్లున్నారు. నేననను. సబ్‌స్టేషన్ గీసేవాళ్లు కాగితం మీద గీత గీసి ఊరుకుంటే కుదరదు. పదుల టన్నుల ట్రాన్స్‌ఫార్మరు ఏ దారిన లోపలికొస్తుంది, దేనితో దించుతారు, రేపు పాడైతే పక్కవాటిని తాకకుండా ఎలా బయటికి తీస్తారు... ఇవన్నీ గీతలోనే ఉండాలి. బల్ల దగ్గర మరిచిపోయిన జాగా కోసం సైటులో కూలీ ప్రాణం పణంగా పెట్టాల్సి వస్తుంది. జమాల్‌పూర్‌లో గడిపిన ఏడాది అలాంటి బల్ల దగ్గర వృథా పోదు.

1953లో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఆవిడకు అసోసియేట్ సభ్యత్వం ఇచ్చింది, 1966లో పూర్తి సభ్యత్వం. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగితే లలిత వెళ్లింది. మన దేశంలో అలాంటి మహిళల సంఘమే లేదు గనుక సొంత హోదాలోనే వెళ్లింది. మరుసటి ఏడాది లండన్ మహిళా ఇంజనీర్ల సొసైటీలో సభ్యురాలైంది.

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. దాదాపు ముప్పై ఏళ్లు ఒకే సంస్థలో పనిచేసి 1977లో రిటైరైంది. 1979 అక్టోబరులో, అరవయ్యో ఏట కన్నుమూసింది. విశ్రాంతికి ఆవిడకు దక్కింది రెండేళ్లే.