గుండె చేత గీత గీయించిన మహనీయుడు – విల్లెం ఐంతోవెన్



ఆరోగ్య ప్రత్యేక సంచికకు ఏదైనా రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరినప్పుడు ముందు వెనుకాడాను. నేను డాక్టరును కాను. ముప్ఫై నాలుగేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. తరవాత మా అన్నయ్య పెట్టెలో దొరికిన ఒక కాగితం గుర్తుకు వచ్చింది. ఆ కాగితమే ఈ వ్యాసం రాయించింది.

మా అన్నయ్య బడిపంతులుగా రిటైరయ్యాడు. ఒకసారి ఆయాసంగా ఉందని డాక్టరు దగ్గరకు వెళితే, నాడి సరిగా కొట్టుకోవడం లేదని ఇ.సి.జి. తీశారు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు రాసి, నెలనెలా రక్త పరీక్షకు రమ్మన్నారు. ఆరు నెలలు వాడాడు. ఒంట్లో బాగానే ఉంది గదా, ప్రతి నెలా టౌనుకు ఈ తిరుగుడు ఎందుకని తనంతట తానే మానేశాడు. ఒకనాడు ఉదయం చేతిలోని కాఫీ గ్లాసు జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్లు వాతం కమ్మిందని పసరు మందు వేసే ఊరికి తీసుకెళ్లారు, పావురం రక్తం పూయించారు. పెద్దాసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. అప్పటికి చేయగలిగింది తక్కువని చెప్పారు. తరవాత రెండేళ్లు మంచం మీదే ఉండి కాలం చేశాడు.

దినకార్యాలు అయ్యాక పెట్టె సర్దుతుంటే, సర్టిఫికెట్ల మధ్య ఆ ఇ.సి.జి. కాగితం మడత పెట్టి ఉంది. మన భాషలో చెప్పాలంటే, చర్య తీసుకోకుండా బీరువాలో పెట్టేసిన ఫైలు అది. రాబోయే ప్రమాదమేమిటో ఆ గీత ముందే చెప్పింది, మేమే వినలేదు. గుండె చేత ఇలా గీత గీయించిన మనిషి ఎవరని అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఆయనే విల్లెం ఐంతోవెన్.

ఐంతోవెన్ 1860 మే 21న జావా దీవిలోని సెమరాంగ్ పట్టణంలో జన్మించాడు. అప్పుడది డచ్చివారి ఏలుబడి, ఇప్పుడు ఇండోనేషియా. తండ్రి వైద్యుడు. విల్లెంకు ఆరేళ్లప్పుడే తండ్రి పోయాడు. ఆరుగురు పిల్లలతో మిగిలిన తల్లి 1870లో వాళ్లందరినీ వెంటబెట్టుకుని హాలెండులోని ఉట్రెక్ట్ నగరానికి చేరింది. విల్లెం 1878లో అక్కడి విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. చదువు ఖర్చు సర్కారుది. అందుకు బదులుగా చదువు పూర్తయ్యాక ఇండీస్ దీవుల్లో సైనిక వైద్యుడిగా పనిచేయాలని ఒప్పందం.

పుస్తకాల పురుగు అనుకునేరు, కాదు. వ్యాయామం, కత్తిసాము, పడవ పందాలు ఆయనకు ప్రాణం. ఒకసారి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మంచం మీద ఊరికే ఉండక, మోచేతి కీలు ఎలా తిరుగుతుందో పరిశీలించి వ్యాసం రాశాడు. మనకు కాలు బెణికితే సెలవు చీటీ రాస్తాం, ఆయన పరిశోధన పత్రం రాశాడు!

1885లో డాక్టరేటు వచ్చింది. అదే ఏడాది లైడెన్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్ర ఆచార్య పదవి లభించింది. అప్పటికి వయసు ఇరవై అయిదు. జావాకు పోవలసిన అవసరం తప్పింది. జీవితాంతం ఆ పదవిలోనే ఉన్నాడు.

గుండె కొట్టుకునేటప్పుడు అందులో స్వల్పంగా విద్యుత్తు పుడుతుందని అప్పటికే తెలుసు. లండనులో అగస్టస్ వాలర్ అనే ఆచార్యుడు 1887లో పాదరసపు సన్న గొట్టంతో మనిషి గుండె విద్యుత్తును మొదటిసారి నమోదు చేశాడు. ఆయన పెంపుడు కుక్క జిమ్మీ కూడా ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టి ఆ ప్రదర్శనలకు నిలబడేది. అయితే పాదరసం బరువు. గుండె వేగాన్ని అందుకోలేక గీత వంకరగా వచ్చేది. ఐంతోవెన్ ఏళ్ల తరబడి లెక్కలు కట్టి ఆ గీతను సరిదిద్దాడు. అందులోని ఎత్తుపల్లాలకు 1895లో పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టాడు. నేటికీ ప్రపంచమంతటా డాక్టర్లు వాడేది ఆ అయిదు అక్షరాలనే.

లెక్కలతో దిద్దుకునే బదులు, తప్పు చేయని యంత్రమే ఎందుకు కట్టకూడదని ఆయనకు తోచింది. గాజు లాంటి క్వార్ట్జును కరిగించి, బాణానికి తగిలించి వదిలితే, బాణం పోయిన మేర వెంట్రుక కన్నా ఎంతో సన్నని దారం సాగుతుంది. ఇది ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు బాయిస్ చూపిన ఉపాయం. ఆ దారానికి వెండి పూత పూసి, బలమైన విద్యుదయస్కాంతం మధ్య నిలువుగా బిగించాడు. గుండె నుంచి వచ్చే అతి స్వల్ప విద్యుత్తు తగలగానే దారం పక్కకు కదులుతుంది. దాని నీడను కదిలే ఫోటో పలక మీద పడేలా చేస్తే గీత తయారు. 1901 నుంచి 1903 వరకు ఈ యంత్రం వివరాలను ప్రకటించాడు.

నేడు అరచేతిలో పట్టే ఇ.సి.జి. మిషన్లు వచ్చాయి. ఆనాటిది సుమారు 270 కిలోల బరువు. రెండు గదులు ఆక్రమించేది, నడపడానికి అయిదుగురు కావాలి, అయస్కాంతం వేడెక్కకుండా నీళ్లు పారిస్తూ ఉండాలి. రోగి రెండు చేతులూ ఎడమ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టుకుని కూర్చోవాలి.

అంత యంత్రాన్ని ఆసుపత్రికి మోయలేరు, రోగులను ప్రయోగశాలకు తేలేరు. ఆసుపత్రికీ ప్రయోగశాలకూ దూరం సుమారు కిలోమీటరున్నర. ఐంతోవెన్ 1905 మార్చిలో టెలిఫోను తీగ గుండా రోగి గుండె విద్యుత్తును తన ప్రయోగశాలకు రప్పించాడు. రోగి మంచం అక్కడ, గీత ఇక్కడ! అలా సేకరించిన రకరకాల గుండె జబ్బుల గీతలను 1906లో ప్రచురించాడు. మన విషయానికి సంబంధించిన గీత వాటిలోనే ఉంది. పొందూ పొత్తూ లేకుండా కొట్టుకునే నాడి గీత అది.

అదేమి జబ్బో ఆనాటికి పూర్తిగా తేలలేదు. లండను డాక్టరు థామస్ లూయిస్ ఐంతోవెన్ యంత్రంతోనే శ్రమించి, గుండె పైగదులు కొట్టుకోవడం మాని వణకడమే దానికి కారణమని 1909లో నిరూపించాడు. దీనినే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గీతలో పి అనే చిన్న గుట్ట మాయమవుతుంది. ఆర్ అనే శిఖరాలు ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా పడతాయి. అన్నయ్య కాగితం మీద స్కేలు పెట్టి కొలిచి చూశాను. ఏ రెండు శిఖరాల మధ్య దూరమూ మరో రెంటికి సరిపోలేదు.

1924లో ఐంతోవెన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కబురు అందేనాటికి ఆయన అమెరికాలో ఉపన్యాసాలిస్తున్నాడు. నోబెల్ ఉపన్యాసంలో లూయిస్ కృషిని మనసారా మెచ్చుకున్నాడు. యంత్రం కట్టడంలో తనతో పాటు శ్రమపడిన సహాయకుడు అప్పటికే చనిపోతే, పేదరికంలో ఉన్న అతని అక్కచెల్లెళ్లను వెతికించి బహుమతి సొమ్ములో సగం వారికిచ్చాడని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. కింది ఉద్యోగి రాసిన నోటు మీద పై అధికారి సంతకం పెట్టి పేరు కొట్టేయడం చూసిన మనకు ఈ ఒక్క సంగతి చాలు, ఆయన ఎటువంటి మనిషో తెలియడానికి.

1927 సెప్టెంబరు 29న లైడెన్‌లో ఐంతోవెన్ కన్నుమూశాడు. వయసు అరవై ఏడు. మనలో చాలామంది కంటే చిన్నవాడే.

ఆయన కాలంలో ఈ లయ తప్పిన గుండెకు నాడి వేగం తగ్గించే డిజిటాలిస్ ఇచ్చేవారు. గడ్డకట్టకుండా ఆపే మాత్ర లేదు. అసలు ప్రమాదం ఆ గడ్డలోనే ఉంది. పైగదులు వణుకుతుంటే రక్తం కదలక, ఎడమ పైగదికి సంచిలా ఉండే మూలలో నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడు నాళంలో ఇరుక్కుంటే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం వచ్చే ముప్పు లేనివారికన్నా సుమారు అయిదు రెట్లు. డెబ్బై అయిదేళ్లు దాటినవారికి, బి.పి., షుగరు ఉన్నవారికి, గుండె బలహీనపడినవారికి, ఇదివరకే ఒకసారి పక్షవాతం వచ్చినవారికి ఇంకా ఎక్కువ. డాక్టర్లు వీటికి మార్కులు వేసి, మాత్ర కావాలో వద్దో తేలుస్తారు.

పాత మాత్ర వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషుల మందు అయింది. సరిగా వాడితే ఈ రకం పక్షవాతాల్లో మూడింట రెండు వంతులు తప్పుతాయని తేలింది. ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్ష సాధారణంగా 2, 3 మధ్య ఉండాలి. గోంగూర, తోటకూర, పాలకూర మానక్కర్లేదు గాని, ఒక వారం అసలు లేక, మరో వారం రోజూ తింటే పరీక్ష తారుమారవుతుంది. 2010 ప్రాంతం నుంచి డాబిగట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మాత్రలు వచ్చాయి. వీటికి నెలనెలా ఆ పరీక్ష అక్కర్లేదు. మూత్రపిండాల పనితీరు మాత్రం అప్పుడప్పుడు చూపించుకోవాలి. కీళ్లవాతం జ్వరం వల్ల గుండె కవాటం బాగా ముడుచుకుపోయినవారికి, లోహపు కవాటం వేసినవారికి ఇప్పటికీ వార్ఫరినే. ఆస్పిరిన్ దీనికి బదులు కాదు. ఏ మాత్ర అయినా రక్తస్రావం భయం కొంత ఉంటుంది, కాబట్టి నొప్పి బిళ్లలు సొంతంగా వేసుకోరాదు. పన్ను పీకించుకునే ముందు ఈ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, బాగానే ఉందని మానరాదు. ఈ మాత్ర ఇవాళ్టి బాధకు కాదు, రేపు రాబోయే ఆపదకు.

ఇక మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నిమిషం ఆలస్యం చేయకండి. సి.టి. స్కాను ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షను మామూలుగా 4.5 గంటల లోపు ఇవ్వాలి. రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. కొందరికి గొట్టం పంపి గడ్డను బయటకు లాగే చికిత్స కూడా పనికొస్తుంది. పసర్లకూ పావురాలకూ పోయే ప్రతి గంటా మెదడుకు నష్టమే.

అన్నయ్య పోయాక నేనూ ఇ.సి.జి. తీయించుకున్నాను. నా గీతలోనూ పి గుట్ట లేదు. నాకు ఆయాసమూ లేదు, గుండెదడా లేదు, ఏమీ తెలియనే లేదు. ఇప్పుడు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేసుకుంటున్నాను. మా ఆవిడ క్యాలెండరులో టిక్కు పెడుతుంది, నేను పక్కన పొట్టి సంతకం చేస్తాను. ఆఫీసు అలవాటు పోదు కదా!

లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఏటా వెళుతూనే ఉంటాం. ఆ రోజే ఒక పూట కేటాయించి ఇ.సి.జి. కూడా తీయించుకోవలసిందిగా నా మనవి. ఇంట్లో రోజూ మణికట్టు మీద మూడు వేళ్లు ఉంచి నిమిషం పాటు నాడి చూసుకోండి. లయ తప్పుతున్నట్టు తోస్తే డాక్టరుకు చూపించండి. కాగితం మాత్రం పెట్టెలో దాచకండి.