ఆర్థరు హోమ్సు: సీసముతో శిలల వయస్సు

అనంతగిరి ఘాటురోడ్డు ప్రక్కనుండు ఖొండలైటు శిలలను మన విద్యార్థులు చూచియే యుందురు. కోదుజాతి పేరిట 1902లో నామకరణమొందిన యీ శిల యెంత ప్రాచీనమో తెలిసికొను మార్గమును చూపినవారిలో ముఖ్యుడగు ఆర్థరు హోమ్సు చరిత్రమును మేమిందు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1890వ సంవత్సరమున ఇంగ్లండులో జన్మించెను. తల్లిదండ్రులు భక్తిగల మెథడిస్టులు. వారి బైబిలు అంచున సృష్టికాలము క్రీ. పూ. 4004 అని అచ్చువేయబడియుండెను. అది వేదవాక్యము గాదు, అషరు అను ఆర్చిబిషప్పు కట్టిన లెక్క. ఆ యంకెయే బాలుని ఆలోచింపజేసెను.

యురేనియము స్థిరమైన వేగముతో సీసముగా మాఱును. కావున రాతిలో ఈ రెండింటి పాళ్లను కనుగొనినచో దాని వయస్సు తేలును. ఈ విధమున హోమ్సు 1911లో నార్వే శిలకు 37 కోట్లు, సింహళపు ఖనిజమునకు 164 కోట్ల సంవత్సరములు నిర్ణయించెను. అప్పటికాయనకు 21 ఏండ్లు.

ఆ యేడే మొజాంబికులో మలేరియాచే మరణముఖమునుండి తప్పించుకొనెను. 1920లో, మన తెలుగువారనేకులు కూలికై వలసపోయిన బర్మాకు చమురు వెదకుటకేగెను. కంపెనీ దివాలా తీసెను, జీతము రాలేదు, చిన్నకుమారుడు రక్తగ్రహణితో కన్నుమూసెను. వట్టిచేతులతో స్వదేశము చేరి, కొంతకాలము దుకాణము నడిపి, 1924లో డర్హాములో ఉపాధ్యాయుడాయెను. ఇన్ని కష్టములలోను తన ప్రశ్నను విడువలేదు.

సీసములో 204, 206, 207, 208 అను భారములుగల నాలుగు రకములు, అనగా ఐసోటోపులు, కలవు. 206, 207 యురేనియమునుండియు, 208 థోరియమునుండియు పెరుగుచుండును; 204 మాత్రము పెరుగదు. ఖనిజములలో వీని పాళ్లను అమెరికావాడగు నీరు కొలువగా, ఆ కొలతలనుబట్టి హోమ్సు 1946లో భూమి వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములని గణించెను. 1956లో పాటర్సను ఉల్కాశిలల సీసముతో దానిని 455 కోట్లకు సవరించెను. హోమ్సు 1955లో భారతదేశపు ప్రాచీన శిలల కాలములను గూర్చి వ్రాయుచు మన తూర్పుకనుమలనుగూడ చేర్చెను. 1965లో పరమపదించెను.

శిల శిథిలమై మన్నగును. మంటిలోని సీసము కొంచెము వేళ్లద్వారా మొక్కకు చేరును. ఆ పాళ్లు దారిలో దాదాపు మాఱవు. అందుచేత ఆకులోని సీసము కొండరాతిదో, వాహనముల పొగదో పండితులు నేడు గుర్తింపగలరు. సీసము కలిపిన పెట్రోలు మనదేశమున 2000వ సంవత్సరమున నిలిపివేయబడెను.

విద్యార్థులారా, బాల్యమున పుట్టిన యొక ప్రశ్నను ఓర్పుతో వెంబడించిన యీతని జీవితము మీకు మేలుబంతి యగుగాక.