చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో కడియంలో జన్మించారు. అప్పట్లో ఫ్రెంచి పాలనలో ఉండి, నేడు పుదుచ్చేరిలో భాగమైన యానాంలో చదువుకున్నారు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయన రాసిన శతకంలో వ్యాకరణ దోషాలున్నాయని పండితులు విమర్శించారు. కాశీ వెళ్ళి వ్యాకరణం నేర్చుకుందామంటే చేతిలో డబ్బు లేదు. చూపు కూడా సరిగా ఆనేది కాదు. అయినా పట్టు విడవక చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద చదివారు. అక్కడి సహాధ్యాయి దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి తిరుపతి వేంకట కవులుగా అవధానాలు చేశారు.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు పరీక్షిస్తారు. ఒకరు అక్షరాలను వరుస తప్పించి ఇస్తారు. మరొకరు మధ్యమధ్య గంట కొడతారు. అవధాని పద్యం చెబుతూనే అక్షరాలను మనసులో పేర్చుకోవాలి, గంటల లెక్క తప్పకూడదు. ఈ శక్తినే ధారణ అంటారు.

1920లో తిరుపతిశాస్త్రి మరణించినా, ఆయన జంట పేరుతోనే రచనలు చేశారు. 1949లో మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి అయ్యారు. 1950లో కన్నుమూశారు.