డార్విన్ దాకా ఒంటరిగా...

లండన్ నుంచి ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్‌కి తిన్నగా గీత గీస్తే సుమారు 13,900 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా వెళ్ళే జెట్ విమానంలో అయితే దాదాపు పదిహేడు గంటల ప్రయాణం. 1930లో ఎమీ జాన్సన్ అనే ఇరవై ఆరేళ్ళ అమ్మాయికి పందొమ్మిదిన్నర రోజులు పట్టింది. పెట్రోలు కోసం దిగుతూ, దేశాలు చుట్టి వెళ్ళాలి కనక ఆమెకి అది 11,000 మైళ్ళు, అంటే 17,700 కిలోమీటర్లు అయింది.

ఎమీ 1903లో ఇంగ్లండులోని హల్ అనే రేవు పట్నంలో పుట్టింది. తండ్రిది చేపల వ్యాపారం. షెఫీల్డ్‌లో బి.ఏ. చదివి, లండన్‌లో ఒక లాయరు ఆఫీసులో సెక్రటరీగా చేరింది. జీతం డబ్బుల్లోంచే విమానం నడపడం నేర్చుకుంది. అంతటితో ఊరుకోలేదు, ఇంజను విప్పి బిగించడం కూడా నేర్చి, 1929లో గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు సంపాదించిన మొదటి బ్రిటిష్ మహిళ అయింది. ఆ మసి చేతులే తర్వాత దారిలో ఆమెని కాపాడాయి.

సెకండ్‌హ్యాండ్ జిప్సీ మాత్ విమానానికి సగం డబ్బు తండ్రి, సగం లార్డ్ వేక్‌ఫీల్డ్ అనే చమురు వ్యాపారి ఇచ్చారు. తండ్రి వ్యాపారపు మార్కు పేరే దానికీ పెట్టింది, జాసన్ అని. అప్పటికి ఆమె ఒంటరిగా ఎగిరిన అతి పెద్ద దూరం ఏమిటనుకుంటున్నారు? లండన్ నుంచి పుట్టింటికి!

మే 5న క్రాయ్‌డన్‌లో బయల్దేరింది. పైన కప్పు లేదు, రేడియో లేదు. బాగ్దాద్ దారిలో ఇసుక తుఫాను వస్తే ఎడారిలో దిగి, విమానం ఎగిరిపోకుండా పట్టుకు కూచుంది. ఆరో రోజుకే కరాచీ చేరి, అంతకుముందు హింక్లర్ పట్టించుకున్న టైముకన్నా రెండు రోజులు ముందుంది. అలహాబాద్ వెళ్ళాల్సింది, పెట్రోలు చాలక ఝాన్సీలో కవాతు మైదానంలో దిగింది. అక్కణ్ణించి కలకత్తా. రంగూన్ దగ్గర ఫుట్‌బాల్ గ్రౌండులో దిగబోతే రెక్క చిరిగింది. చొక్కాల గుడ్డతో మాసికలు వేశారు. ఆ ఆలస్యాలతో హింక్లర్ పదిహేనున్నర రోజుల రికార్డు చేజారింది. అయినా మే 24న డార్విన్‌లో దిగేసరికి, ఆస్ట్రేలియాకి ఒంటరిగా ఎగిరివచ్చిన మొదటి స్త్రీ ఆమే.

1932లో జిమ్ మాలిసన్ అనే పైలట్‌ని పెళ్ళాడింది. అదే ఏడాది కేప్‌టౌన్‌కి ఎగిరి భర్త రికార్డే బద్దలుకొట్టింది! 1938లో విడిపోయారు.

యుద్ధం వచ్చాక విమానాలని ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చే ఉద్యోగంలో చేరింది. 1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కిడ్లింగ్టన్‌కి బయల్దేరింది. గంటో, గంటన్నరో పట్టే దారి. వాతావరణం బాగోలేదు. మూడు గంటలు దాటాక, దారికి ఎంతో దూరంగా, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట ఆమె పారాచూట్ కనపడింది. గడ్డకట్టే ఆ నీళ్ళలోకి దూకిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచర్ కూడా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఎమీ శవం దొరకనేలేదు.