తొరపల్లి రాజాజీగారు: పదవులు, ఎన్నికలు, మనము

మూకండపల్లిలో కాపురమున్న మన తెలుగు కుటుంబాలలో చాలామందిమి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారమే. కొందరిని ఫ్యాక్టరీ పని, కొందరిని వ్యాపారం, మావంటి వారిని రైల్వే నౌకరీ ఈ ప్రాంతానికి తెచ్చినవి. వచ్చిన కొత్తలో, ఇది అరవదేశము గదా, మన మాట ఇక్కడ ఎవరికి తెలియునని భయపడినాము. తీరా సంతకు పోయి చూస్తే కూరలమ్మే అవ్వ తెలుగులోనే బేరమాడింది. హోసూరు ప్రాంతంలో తెలుగు, కన్నడము, తమిళము మూడూ తరతరాలుగా ఒకే వీధిలో మసలుతున్నవని అప్పుడు తెలిసింది.

ఈ హోసూరుకు కొద్ది మైళ్ల దూరంలోనే తొరపల్లి అనే చిన్న గ్రామమున్నది. భారతదేశానికి గవర్నర్ జనరలయిన ఒకే ఒక్క భారతీయుడు, చక్రవర్తి రాజగోపాలాచారిగారు, జన్మించినది అక్కడే. వారు పుట్టిన ఇంటిని ప్రభుత్వము స్మారకంగా కాపాడుతున్నది. అయితే తెలుగు ఇండ్లలో రాజాజీగారి పేరెత్తితే పెద్దలు ఒక్క క్షణం మౌనం వహించటం మేము చిన్ననాటినుండి చూచినాము. ఆంధ్రరాష్ట్రానికి అడ్డుపడినవారని ఆ మౌనానికి అర్థము. ఆయన ఊరి పక్కనే పిల్లలను పెంచుకొంటున్న మనము, ఆయన కథను మెప్పుగాగాని తెగడ్తగాగాని గాక, ఉన్నదున్నట్లు తెలుసుకొనటం మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రాజాజీగారు 1878వ సంవత్సరం డిసెంబరు 10వ తేదీన పుట్టినారు. తండ్రిగారు తొరపల్లి మునసబు. బాల్యంలో చదువు హోసూరులో, ఆ తర్వాత బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో, లా పరీక్ష మద్రాసులో జరిగినవి. 1900 ప్రాంతంలో సేలంలో వకీలుగా బోర్డు కట్టినారు. అప్పట్లో హోసూరు కూడా సేలం జిల్లాలోనిదే. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడినవి. వకీలుగా మంచి ఆర్జన ఉన్నప్పుడే ఆయన 1911లో సేలం మునిసిపాలిటీలో సభ్యులైనారు. 1917లో దానికి అధ్యక్షులైనారు. ఇంత పెద్ద చరిత్రకు మొదటి మెట్టు ఊరి వీధులు, కుళాయిలు, దీపాలు చూచుకొనే మునిసిపల్ పని అన్నమాట.

గాంధీగారి పిలుపుతో ఆయన వకీలు వృత్తిని విడిచినారు. జైళ్లకు పోయినారు. 1930లో ఉప్పు సత్యాగ్రహ సమయాన తిరుచిరాపల్లి నుండి వేదారణ్యం దాకా దండు నడిపించినారు. 1933లో ఆయన కుమార్తె లక్ష్మిగారికి గాంధీగారి కుమారుడు దేవదాసుగారితో వివాహమైంది.

ఇక ఎన్నికల మాటకు వస్తాము. 1935 చట్టం ప్రకారం 1937లో ఎన్నికలు జరిగినవి. మద్రాసు శాసనసభలో 215 స్థానాలుండగా కాంగ్రెసు 159 గెల్చుకొన్నది. రాజాజీగారు నిలిచినది మద్రాసు విశ్వవిద్యాలయ నియోజకవర్గము నుండి. అది పట్టభద్రులు ఓటు వేసే స్థానము. అంటే నాగలి పట్టినవాడు, మగ్గం నేసినవాడు ఆయనకు వేసిన ఓటు కాదది. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకోవలె. ముందు మళ్లీ వస్తుంది.

1937 జూలైలో ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయినారు. ఆనాడు ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. ఆ మంత్రివర్గంలో మనవారు తక్కువేమీ కాదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రెవిన్యూ మంత్రి. వి. వి. గిరిగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు మంత్రులు. శాసనసభకు స్పీకరు బులుసు సాంబమూర్తిగారు. ఈ సాంబమూర్తిగారి పేరును కూడా పాఠకులు గుర్తుంచుకోవలె.

రెండేండ్ల మూడు మాసాల పాలనలో ఆ ప్రభుత్వము చేసిన పనులు చాలా ఉన్నవి. 1937 అక్టోబరు 1న తన సొంత సేలం జిల్లాలోనే మద్యనిషేధం మొదలుపెట్టినారు. మరుసటి ఏడు అది మన చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. కల్లు, సారాయి మీది రాబడి పోయిన లోటు తీర్చటానికి 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చినారు. నేడు కిరాణా బిల్లు మీద పన్ను చూచి విసుక్కొనే మనము దాని పుట్టుక అక్కడున్నదని తెలుసుకొంటే ఆశ్చర్యపడతాము. 1938లో రైతుల అప్పుల భారం తగ్గించే చట్టం, 1939లో హరిజనుల దేవాలయ ప్రవేశానికి రక్షణ ఇచ్చే చట్టం వచ్చినవి.

అదే కాలంలో బడులలో హిందీని నిర్బంధ పాఠ్యాంశంగా చేసినారు. తమిళ జిల్లాలలో పెద్ద ఆందోళన లేచింది. వందలమంది జైలుకు పోయినారు. జైలుకు పోయినవారిలో నటరాజన్, తాళముత్తు అనే ఇద్దరు ప్రాణాలు విడిచినారు. 1939 అక్టోబరులో యుద్ధం విషయమై కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేసినవి. 1940లో గవర్నరు ఆ నిర్బంధాన్ని తొలగించినారు. ఇదే రాజాజీగారు పాతికేండ్ల తర్వాత, 1965లో, హిందీ ఒక్కటే కేంద్ర రాజభాష కాకూడదని వాదించినవారి ముందువరుసలో నిలిచినారు. తప్పు దిద్దుకొన్నారని కొందరు, మాట మార్చినారని కొందరు అన్నారు. మాకు తోచేదేమంటే, పిల్లవాడి నోట్లో మాట బలవంతంగా పెట్టటం ఎవరికీ సాధ్యం కాదని ఆయనవంటి మేధావికే అనుభవం నేర్పవలసి వచ్చింది.

1942లో ఆయన కాంగ్రెసుతో విడిపోయినారు. ముస్లిం లీగు కోర్కెను ఏదో ఒక మేరకు ఒప్పుకొంటేగాని స్వాతంత్ర్యం రాదని ఆయన నమ్మకము. క్విట్ ఇండియా ఉద్యమంలో చేరలేదు. అందరూ జైళ్లలో ఉండగా తాను బయట ఉన్నందుకు ఎన్నో నిందలు పడినారు. ఆ ఫలితం 1946లో కనబడింది. మళ్లీ ఎన్నికలై కాంగ్రెసు గెలిచినప్పుడు ఆయనే నాయకుడు కావలెనని ఢిల్లీ పెద్దలు కోరినా మద్రాసు శాసనసభ్యులు ఒప్పుకోలేదు. ప్రకాశం పంతులుగారు ప్రధానమంత్రి అయినారు. ఆ పదవి కూడా ఏడాది నిండకముందే, 1947 మార్చిలో పోయింది.

మద్రాసు వద్దన్న మనిషిని ఢిల్లీ పిలిచింది. 1946లో కేంద్రంలో తాత్కాలిక ప్రభుత్వ మంత్రి, 1947లో పశ్చిమ బెంగాలు గవర్నరు, 1948 జూన్ 21 నుండి 1950 జనవరి 26 దాకా గవర్నర్ జనరల్, సర్దార్ పటేలుగారి తర్వాత హోంమంత్రి. ఇంతటి ఉన్నత పదవులు అలంకరించి 1951లో మద్రాసుకు తిరిగివచ్చినారు. ఇక విశ్రాంతి అనుకొన్నారు.

1952లో వయోజనులందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు జరిగినవి. మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెసుకు వచ్చినవి 152. ముఖ్యమంత్రి కుమారస్వామిరాజాగారే ఓడిపోయినారు. ఆంధ్ర జిల్లాలలో కాంగ్రెసు బాగా దెబ్బతిన్నది. ప్రకాశం పంతులుగారు కమ్యూనిస్టులతోను ఇతరులతోను కలిసి తమకు 160కి పైగా సభ్యుల బలమున్నదని గవర్నరుకు విన్నవించినారు. కాని గవర్నరు శ్రీప్రకాశగారు రాజాజీగారిని పిలిచినారు. ఆయన ఆ ఎన్నికలలో నిలబడనే లేదు. గవర్నరు ఆయనను శాసనమండలికి నామినేట్ చేసినారు. ఏప్రిలు 10న ముఖ్యమంత్రి అయినారు. దీనిపై హైకోర్టులో రిట్టు పడింది, కొట్టివేయబడింది. ఎన్నిక కాకుండా వచ్చిన ఈ మార్గం నెహ్రూగారికి కూడా రుచించలేదు. చిన్న పార్టీలను, స్వతంత్రులను కూడగట్టుకొని జూలై 3న రాజాజీగారు శాసనసభలో 200 ఓట్లతో బలం నిరూపించుకొన్నారు. ఎదురు ఓట్లు 151.

ఓటు విలువ తెలిసినవారికి ఇక్కడ మనసు చివుక్కుమంటుంది. మొదటిసారి వేలిముద్రగాడు కూడా రాజైన ఎన్నికలో, ఆ ఓటు అడగనివారికి గద్దె దక్కింది. అయితే ఆ గద్దెనెక్కి ఆయన మొదట చేసిన పని ప్రజలు ఆశీర్వదించినదే. యుద్ధకాలం నుండి ఉన్న ధాన్యపు కంట్రోలును, రేషనును 1952 జూన్‌లో ఎత్తివేసినారు. క్యూలలో నిలిచి విసిగినవారు ఊపిరి పీల్చుకొన్నారు.

ఇక మన గుండెకు తగిలే ఘట్టము. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రం కోసం మద్రాసులో నిరాహారదీక్ష పూనినారు. ఎవరి ఇంట? బులుసు సాంబమూర్తిగారి ఇంట. పదిహేనేండ్ల క్రిందట రాజాజీగారు సభానాయకులుగా ఉన్న శాసనసభకు స్పీకరైన పెద్దమనిషే, ఇప్పుడు ఆయన ప్రభుత్వం కన్నుల ఎదుట ఆ దీక్షకు చోటిచ్చినారు. 58 రోజులు గడిచినవి. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములుగారు కన్నుమూసినారు. ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నవి. రైళ్లు నిలిచిపోయినవి, స్టేషనులు ధ్వంసమైనవి, కాల్పులలో మనుషులు పోయినారు. డిసెంబరు 19న నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రాన్ని ప్రకటించినారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రము అవతరించింది. ప్రకాశం పంతులుగారు మొదటి ముఖ్యమంత్రి.

న్యాయంగా చెప్పవలెనంటే రాష్ట్రం ఇవ్వటం, ఇవ్వకపోవటం ఢిల్లీ చేతిలోని పని. రాజాజీగారి చేతిలో ఉన్నది మద్రాసు నగరము. తాత్కాలికంగానైనా ఆంధ్ర రాజధాని అక్కడ ఉండరాదని ఆయన పట్టుబట్టినారు. ఆ పట్టు నెగ్గింది. తెలుగువారి మనసులో మిగిలిన ముల్లు అదే. ఆ విభజనలో, ఆ తర్వాత 1960లో జరిగిన సరిహద్దు సవరణలో కూడా తెలుగు మాటాడే హోసూరు తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆ రాష్ట్రము 1969లో తమిళనాడు అయింది.

1953లో పల్లెబడులలో పిల్లలకు మూడు గంటలే చదువు, మిగిలిన పూట ఇంటిపని, కులవృత్తి నేర్చుకొనటం అనే పద్ధతి పెట్టినారు. బడులు చాలక, డబ్బు చాలక పెట్టినదని వారి వాదము. చాకలి కొడుకు చాకలిగానే, కుమ్మరి కొడుకు కుమ్మరిగానే ఉండవలెనా అని రాష్ట్రమంతా అడిగింది. సొంత పార్టీవారే ఎదురు తిరిగినారు. 1954 ఏప్రిలులో ఆయన తప్పుకొన్నారు. కామరాజుగారు వచ్చి ఆ పద్ధతిని రద్దు చేసినారు. ఆ ఏడే రాజాజీగారికి భారతరత్న బిరుదు ఇచ్చినారు. గౌరవము, పరాభవము ఒకే ఏట వచ్చినవి.

ఎనభై ఏండ్ల వయసులో ఇంకెవరైనా ఊరకుందురు. ఆయన 1959లో స్వతంత్ర పార్టీ స్థాపించినారు. పరిశ్రమకు, వ్యాపారానికి పర్మిట్లు, లైసెన్సుల పెత్తనం పోవలెనని దాని సిద్ధాంతము. దానికి మొదటి అధ్యక్షులు మన గుంటూరు జిల్లా నిడుబ్రోలు వాస్తవ్యులు ఆచార్య ఎన్. జి. రంగాగారు. ఆంధ్రరాష్ట్ర వివాదం నడిచి ఆరేండ్లు కాకముందే ఒక తెలుగు రైతునాయకుడు రాజాజీగారి పక్కన కూర్చొనటం గమనించదగినది. ఆ పార్టీకి లోకసభలో 1962లో 18, 1967లో 44 స్థానాలు వచ్చినవి. కృష్ణగిరి నుండి 1952లోను, 1957లోను లోకసభకు కాంగ్రెసు తరపున ఎన్నికైనవారు ఆయన కుమారుడు సి. ఆర్. నరసింహన్‌గారు. తండ్రి ఒక పార్టీ కట్టేనాటికి కుమారుడు మరొక పార్టీ సభ్యుడు.

1967లో రాజాజీగారు అణ్ణాదురైగారి పార్టీతో పొత్తు కుదిర్చి మద్రాసులో కాంగ్రెసును గద్దె దింపినారు. స్వతంత్ర పార్టీకి ఆ శాసనసభలో 20 స్థానాలు వచ్చినవి. వాటిలో హోసూరు ఒకటి. తాను నిలబడకపోయినా, పుట్టినగడ్డ ఓటర్లు ఆయన పార్టీకి ఓటు వేసినారు. 1971లో పాత ప్రత్యర్థి కామరాజుగారితో చేతులు కలిపినారు గాని ఓటర్లు ఒప్పుకోలేదు. 1972 డిసెంబరు 25న, 94 ఏండ్ల వయసులో, మద్రాసులో ఆయన కన్నుమూసినారు.

ఈ జీవితంలో మనకేమున్నది? ఇంతటి పదవులు చేసినవారు సామాన్యుని ఓటును నేరుగా అడిగిన సందర్భాలు బహు స్వల్పము. ప్రజల మనసు తెలియక తలపెట్టిన పనులే, హిందీ గాని సగంపూట బడి గాని, ఆయనను క్రిందికి దించినవి. ప్రజలు కోరిన పనులు, రేషను ఎత్తివేత వంటివి, ఆయన పేరు నిలబెట్టినవి. తెలివి ఎంత గొప్పదైనా పదిమంది ఇష్టాయిష్టాలు వినక తప్పదని మేము దీనినిబట్టి గ్రహించినాము.

రెండవది మన సంగతి. మన పక్క ఊరివాడైన మహామేధావి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కూడా హోసూరు తెలుగుకు ప్రత్యేకంగా ఒరిగినదేమీ లేదు. కాబట్టి పెద్దల దయకోసం చూడరాదు. ఇక్కడి బడులలో తెలుగు తరగతి నిలవవలెనంటే అందులో పిల్లలను చేర్పించవలసినది మనము. ఓటర్ల జాబితాలో పేరు చూచుకొని, వచ్చిన అభ్యర్థిని బడి సంగతి అడగవలసినదీ మనమే. ఇరుగుపొరుగు తమిళులతో సఖ్యంగా ఉంటూ, వారి భాషను గౌరవంతో నేర్చుకొంటూనే ఈ పని చేయవచ్చును.

ఈ సెలవులలో పిల్లలను తొరపల్లికి తీసుకొనిపోయి ఆ ఇల్లు చూపించండి. ఆయన చేసిన మేలూ చెప్పండి, శ్రీరాములుగారి 58 రోజులూ చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాచితే అది చరిత్ర కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఏరి పారేసి బెల్లం మాత్రమే తిన్నట్లవుతుంది.