భీమవరం నుంచి బోస్టన్ దాకా: యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు ఆయన చదువు అంతంతమాత్రమే. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. తరువాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స చెప్పే ఆంగ్లేయ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే చేతికొచ్చింది.

స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన సోదరులిద్దరు కొద్దికాలం తేడాతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

1922 అక్టోబరులో సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని. అలాగే చదివి, 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి శరీరంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. మన కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని కూడా వారు గుర్తించారు. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది పనిచేసింది.

కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. రక్తక్యాన్సర్ కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించే నకిలీ పదార్థం అందిస్తే కణం మోసపోయి, పెరుగుదల ఆగుతుంది. అలా తయారైనవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి చూడగా 10 మందికి జబ్బు నెమ్మదించింది. కాని కొన్నాళ్లకే తిరగబెట్టింది. పైగా ఈ మందులు మంచి కణాలను కూడా దెబ్బతీస్తాయి. అందుకే నోటిలో పుళ్లు పడతాయి.

ఫార్బర్ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. బోస్టన్ వెళ్లిన తరువాత ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు, ఇక్కడ ఉండిపోయిన భార్యను చూడలేదు.

ఆయన తరువాతి శాస్త్రవేత్తలు క్యాన్సర్ కణంలోని లోపాన్నే గురిచూసి కొట్టే మందులు తెచ్చారు. ఒక రకం రక్తక్యాన్సర్‌కు 2001లో వచ్చిన ఇమాటినిబ్ అలాంటిదే. జీవకణాల్లో తయారయ్యే ట్రాస్టుజుమాబ్ రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకానికి పనిచేస్తుంది. అయితే క్యాన్సర్ కణాలు రూపం మార్చుకుని మందుకు లొంగకుండా పోవచ్చు. ధర కూడా పెద్ద అడ్డంకే. ఇమాటినిబ్ మందు గ్లివెక్‌పై పేటెంట్ కోరిన కంపెనీ వాదనను మన ఢిల్లీలోని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది. దాంతో భారతీయ కంపెనీలు ఆ మందును తక్కువ ధరకు అమ్మే వీలు నిలిచింది.

మెథోట్రెక్సేట్ మాత్రం పాతబడలేదు. ఇతర మందులతో కలిపి ఇప్పటికీ పిల్లల రక్తక్యాన్సర్‌కు ఇస్తున్నారు. సరైన వైద్యం అందిన చోట ఎక్కువమంది పిల్లలు కోలుకుంటున్నారు. ప్రభుత్వ బడుల్లో వారానికోసారి పిల్లలకిచ్చే ఐరన్ మాత్రలోనూ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది.